శ్యామలాంబ వదిలేసిన చెయ్యి

శ్యామలాంబ హోంగార్డుగా చేరేనాటికి ఆవిడకి ముప్పై మూడేళ్ళు. సొంతూరు మండపేట దగ్గర ఓ పల్లె. పెళ్ళయ్యాక రాజమండ్రి వచ్చి ఆర్యాపురంలో రెండు గదుల వాటాలో కాపురం పెట్టింది. భర్త బుల్లియ్య కాలిపోయిన కరెంటు మోటార్లకి వైండింగు చేస్తాడు. తాడితోటలో చిన్న షాపు. ఎండాకాలంలో రైతుల మోటార్లు గుమ్మం దాకా పేరుకుపోయేవి. వానలు మొదలయ్యాయంటే అడిగేవాడుండడు. హోంగార్డుల్లోకి ఆడవాళ్ళని తీసుకుంటున్నారని ఎక్కడో విని ఆవిణ్ణి పంపింది కూడా బుల్లియ్యే.

"పొడుగ్గా ఉంటావు, గట్టిగా నడుస్తావు. నిన్ను కాకపోతే ఎవర్ని తీసుకుంటారు?" అన్నాడు.

తీసుకున్నారు. ఆడ ముద్దాయిల్ని కోర్టుకి తీసుకెళ్ళడం, రేవులో స్నానాల రోజుల్లో ఆడవాళ్ళని వరసలో నిలబెట్టడం, మంత్రులొస్తే ఎండలో రోడ్డు పక్కన నిలబడడం, ఇవీ పనులు. శ్యామలాంబ మాట పెద్దది కాదు, పట్టు పెద్దది. తొక్కిసలాటలో ఓసారి జేబుదొంగ చెయ్యి పట్టుకుని, వాడు కొరికినా వదల్లేదు. అప్పటినుంచి స్టేషన్లో ఎస్సైగారు ఎక్కడ జనం ఎక్కువుంటే అక్కడ ఆవిణ్ణి వేసేవారు. ఆ మాట ఇంట్లో బుల్లియ్య పదిమందికీ చెప్పుకునేవాడు. మనిషి నెమ్మదస్తుడు. తాగడు, అరవడు. భార్య డ్యూటీనుంచి ఆలస్యంగా వస్తే తనే బియ్యం కడిగి పడేసేవాడు. వాళ్ళకి ఒక్కతే కూతురు, హేమశ్రీ. అమ్మాయిల ప్రైవేటు స్కూల్లో తొమ్మిది చదువుతుండేది.

తొంభై ఏడులో, దసరాకి పదిరోజుల ముందు, మెయిన్ రోడ్డులో మూడంతస్తుల బట్టల షాపు తెరిచారు. రిబ్బను కత్తిరించడానికి సినిమా నటి సుమేధ వస్తోందని వారం ముందునుంచీ రిక్షాల్లో మైకులు పెట్టి తిప్పారు. ఆ ఏడాది ఆ అమ్మాయివి రెండు సినిమాలు వరసగా వందరోజులాడాయి. ఉదయం పదకొండుకి వస్తుందన్నారు. ఎనిమిదింటికే రోడ్డు నిండిపోయింది. మేడల మీద, లారీల మీద, కరెంటు స్తంభాల మీద మనుషులు. బందోబస్తుకి వచ్చింది పద్నాలుగుమంది, అందులో ఆడవాళ్ళు ముగ్గురు. కారు ఆగే చోటునుంచి షాపు మెట్లదాకా నలభై అడుగులుంటుంది. రెండువైపులా తాడు కట్టి, ఆ తాడుని వీళ్ళు పట్టుకున్నారు. శ్యామలాంబ మెట్ల దగ్గర, చివర నిలబడింది.

పదిన్నరకి ఓ సన్నపాటి మనిషి జనంలోంచి ఎలాగో ఆవిడ దగ్గరికొచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, చేతిలో గొట్టంలా చుట్టిన పెద్ద కాగితం.

"నమస్కారమండి. హేమశ్రీవాళ్ళ అమ్మగారు కదండీ?"

ఆవిడ గుర్తుపట్టింది. కూతురి స్కూల్లో డ్రాయింగు మాస్టారు ఉదయ్‌భాస్కర్. ముప్పై ఏళ్ళుంటాయేమో. ఇన్నీసుపేటలో తల్లితో ఉంటాడు, పెళ్ళి కాలేదు. హేమశ్రీ పుస్తకాల్లో ఆయన దిద్దిన పిట్టలూ పడవలూ ఆవిడ చూసింది.

"మీరేంటండీ మాస్టారూ, ఈ తొక్కిసలాటలోకి వచ్చారు?"

ఆయన సిగ్గుపడుతూ కాగితం కొంచెం విప్పి చూపించాడు. సుమేధ బొమ్మ. పెన్సిలుతో వేసింది. వెంట్రుక వెంట్రుకా కనిపిస్తోంది.

"రెండు నెలలు పట్టిందండి. దీని మీద ఓ సంతకం పెట్టించుకుంటే చాలండి. మీరు తాడు లోపల నిలబడనిస్తే ఇలా పెట్టించుకుని అలా వెళ్ళిపోతాను."

లోపలికి ఎవర్నీ రానివ్వద్దని ఎస్సైగారు గట్టిగా చెప్పారు. కానీ మాస్టారు, పైగా కూతురికి చదువు చెప్పేవాడు. శ్యామలాంబ తాడు పైకెత్తింది. ఆయన వంగి లోపలికొచ్చి మెట్ల పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

సుమేధ వచ్చేసరికి మధ్యాహ్నం రెండున్నర. అప్పటికి జనం ఎండకి మాడి, ఆకలికి విసిగి, ఏదో ఒకటి జరగాలన్నట్టున్నారు. కారు తలుపు తెరవగానే ఒక్క కేక లేచింది. మొదటి పది అడుగులు సుమేధ బాగానే నడిచింది. చెయ్యూపింది, నవ్వింది. అంతలో వెనకనుంచి వచ్చిన తోపుకి ఎడమవైపు తాడు తెగింది. గోడ కూలినట్టు జనం వచ్చి పడ్డారు. శ్యామలాంబ ముందుకురికి ఆ అమ్మాయి నడుం చుట్టూ చెయ్యి వేసి మెట్లవైపు లాక్కుపోయింది. నాలుగువైపులనుంచీ చేతులే. జుట్టు లాగుతున్నారు, జాకెట్టు పట్టుకుంటున్నారు, గిల్లుతున్నారు. ఆ అమ్మాయి ఏడవడం లేదు. పళ్ళు బిగించి కళ్ళు మూసుకుని నడుస్తోంది. ఇలా నడవడం బాగా అలవాటున్న మనిషిలా నడుస్తోంది.

రెండో మెట్టు దగ్గర ఓ చెయ్యి వెనకనుంచి వచ్చి ఆ అమ్మాయి వీపు కిందుగా గట్టిగా గిల్లింది. ఆ అమ్మాయి మొత్తం అదిరింది. శ్యామలాంబ తన ఖాళీ చేత్తో ఆ మణికట్టుని దొరకబుచ్చుకుంది. పట్టుకున్న మరుక్షణమే అది ఎవరిదో తెలిసిపోయింది. రాగితీగ లాగి లాగి గీతలు పడ్డ వేళ్ళు. అయినా తెలియలేదనుకోవచ్చు, కానీ తల తిప్పి చూసింది. ఇద్దరి భుజాల మధ్యలోంచి బుల్లియ్య మొహం కనిపించింది. అతను తనవైపు చూడడం లేదు. ఆ అమ్మాయి వీపువైపే చూస్తున్నాడు. మొహంలో నవ్వు కూడా లేదు. మోటారు విప్పి లోపల ఏం కాలిందో చూసేటప్పుడు అతని మొహం అలాగే ఉంటుంది.

శ్యామలాంబ వదిలేసింది.

తర్వాత చాలాసార్లు తనని తను ప్రశ్నించుకుంది, కావాలని వదిలానా, దానంతటదే జారిందా అని. కావాలనే వదిలింది. వేళ్ళు ఒక్కొక్కటీ విప్పడం ఆవిడకి గుర్తుంది.

అదే సమయానికి సుమేధ గిర్రున వెనక్కి తిరిగింది. వెనక నిలబడి ఉన్నది ఉదయ్‌భాస్కర్. కాగితం నలగకుండా రెండు చేతులతో గుండెకి హత్తుకుని, ఏదో చెప్పబోతూ నోరు తెరిచి ఉన్నాడు. ఆ అమ్మాయి బలంకొద్దీ ఆయన చెంప మీద కొట్టింది. ఒకటి కాదు, రెండు. ఆ చప్పుడుకి చుట్టుపక్కల జనం ఒక్కసారిగా సద్దుమణిగారు. పేపరువాడి కెమెరా మెరిసింది. ఆ తర్వాత అదే జనం మాస్టారి మీద పడ్డారు. అంతసేపూ గిల్లినవాళ్ళే, "ఆడపిల్ల మీద చెయ్యేస్తావా!" అంటూ ఆయన్ని తన్నారు. కానిస్టేబుళ్ళు లాక్కొచ్చి జీపెక్కించారు. బొమ్మ ఎక్కడ పోయిందో ఎవరూ చూడలేదు.

స్టేషన్లో ఆయన్ని బెంచీ మీద కూర్చోబెట్టారు. చొక్కా చిరిగింది, పెదవి చిట్లింది.

"నేను కాదండి," అన్నాడు ఎస్సైగారితో.

"మరి ఆవిడ నిన్నే ఎందుకు కొట్టిందయ్యా?"

"తెలియదండి. నేను బొమ్మ ఇద్దామని నిలబడ్డానండి."

"తాడు లోపలికి ఎలా వచ్చావు?"

ఉదయ్‌భాస్కర్ తలెత్తి గోడ పక్కనున్న శ్యామలాంబవైపు ఓసారి చూశాడు. "ఎలాగో వచ్చేశానండి," అన్నాడు.

ఎస్సైగారు అటు తిరిగారు. "ఏమ్మా శ్యామలాంబా, నువ్వు పక్కనే ఉన్నావుగా. నువ్వు చూశావా?"

"తోపులాటలో ఏం కనపడలేదండి," అంది ఆవిడ.

ఆ మాట అంటూనే, లోపల ఏదో ఒకటి కదలాలి కదా అని చూసుకుంది. ఏదీ కదల్లేదు. కుండలోంచి గ్లాసుతో నీళ్ళు ముంచి తీసుకెళ్ళి మాస్టారికిచ్చింది. ఆయన తాగి గ్లాసు తిరిగిచ్చాడు. సుమేధ మేనేజరు ఫోను చేసి, మేడమ్ కంప్లయింటు ఇవ్వరు, రైలుకి టైమైంది, గట్టిగా మందలించి పంపేయండి అన్నాడు. సాయంత్రం ఆరింటికి సంతకం పెట్టించుకుని ఆయన్ని వదిలేశారు.

ఇంటికి వెళ్ళేసరికి బుల్లియ్య అప్పటికే వచ్చి స్నానం చేసి ఉన్నాడు.

"అలిసిపోయావా? మొహం పీక్కుపోయింది. టీ పెట్టనా?" అన్నాడు.

"పెట్టండి," అంది.

అతను పెట్టిన టీ తాగింది. పొద్దున్న సామర్లకోట వెళ్ళి ఓ మోటారు చూసొచ్చానని అతను చెబుతుంటే వింది. బెండకాయలు తరిగింది. హేమశ్రీ వచ్చి, "హీరోయిన్ ఎలా ఉందమ్మా? నిజంగా తెల్లగా ఉంటుందా?" అని అడిగితే, "ఉంటుంది," అంది.

మర్నాడు పేపరు జిల్లా పేజీలో ఫొటో పడింది. సుమేధ చెయ్యి గాల్లో ఉంది, మాస్టారి తల పక్కకి తిరిగి ఉంది, వెనక శ్యామలాంబ ఖాకీ భుజం కూడా ఉంది. కింద 'ఆకతాయికి బుద్ధి చెప్పిన తార' అని రాశారు. పేరు రాయలేదు. అక్కర్లేకపోయింది, మొహం స్పష్టంగా ఉంది. స్కూలు గేటు దగ్గర తల్లిదండ్రులు పోగయ్యారు. అమ్మాయిల స్కూల్లో ఇలాంటివాణ్ణి పెడతారా అని గొడవ. వారం తిరక్కుండా మాస్టారిని రావద్దన్నారు. ఇంటి దగ్గర బొమ్మలు నేర్చుకునే పిల్లలు ఒక్కొక్కరే మానేశారు.

హేమశ్రీ అన్నం ముందు కూర్చుని ఏడ్చింది. "మా మాస్టారు అలాంటివారు కాదమ్మా. మా వైపు సరిగ్గా చూసి కూడా మాట్లాడరు. నువ్వక్కడే ఉన్నావుగా, నువ్వు చెప్పచ్చుగా?"

బుల్లియ్య పళ్ళెంలో చారు కలుపుకుంటున్నాడు. తలెత్తలేదు. "పెద్దవాళ్ళ సంగతులు నీకెందుకే, తిను," అన్నాడు.

ఆ మాట విన్న మర్నాడు శ్యామలాంబ డ్యూటీ దిగి, ఖాకీ బట్టలతోనే తాడితోట షాపుకి వెళ్ళింది. అతను స్టూలు మీద కూర్చుని తీగ చుడుతున్నాడు. చుట్లు పెదాలతో లెక్కపెట్టుకుంటాడు, మధ్యలో పలకరిస్తే చికాకు పడతాడు. ఆవిడ ఆగలేదు.

"ఆ రోజు మెట్ల దగ్గర మీ చెయ్యి పట్టుకుంది నేనే," అంది.

తీగ ఆగింది. ఎదురుగా రోడ్డు మీద లారీ ఒకటి వెనక్కి వస్తూ కూత పెడుతోంది.

"సామర్లకోట బస్సు దొరకలేదు. అందరూ అటు వెళ్తుంటే చూద్దామని వెళ్ళాను," అన్నాడు చివరికి. "చూసి వచ్చేద్దామనే వెళ్ళాను శ్యామలా. ఎందుకు చేశానో నాకే తెలీదు. అందరూ వేస్తున్నారు చేతులు. సినిమావాళ్ళు కదా... వాళ్ళకి ఇలాంటివి మామూలే అనిపించింది. మనలాంటి ఆడమనిషి అనిపించలేదు."

"నేను ఆ పిల్ల నడుం పట్టుకుని ఉన్నాను. వణుకుతోంది."

అతను ఆగిపోయిన తీగ కొసని వేలికి చుట్టుకున్నాడు.

"మాస్టారి ఉద్యోగం పోయింది. మీరెళ్ళి హెడ్మిస్ట్రెస్ గారితో చెప్పండి."

"ఏం చెప్పమంటావు? హేమ అక్కడే చదువుతోంది. పిల్ల తలెత్తుకు తిరగాలా వద్దా?"

అది నిజమే. అదీ నిజమే, మాస్టారి సంగతీ నిజమే. శ్యామలాంబ అక్కడినుంచి నేరుగా స్కూలుకి నడిచి వెళ్ళింది. దారిలో ఏం చెప్పాలో కూడా అనుకోలేదు. హెడ్మిస్ట్రెస్ బాలాత్రిపురసుందరిగారు పెద్దావిడ, కళ్ళజోడు మీదుగా చూసి కూర్చోమన్నారు.

"మాస్టారు కాదండి ఆ పని చేసింది. చేసిన చెయ్యి నేను పట్టుకున్నాను."

"ఎవరిదమ్మా?"

"మా ఆయనదండి."

బాలాత్రిపురసుందరిగారు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. కిటికీ అవతల పిల్లలు ఎక్కాలు వల్లిస్తున్నారు. ఆవిడ లేచి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి వచ్చారు.

"ఈ మాట ఇంకెవరితోనైనా అన్నావా?"

"లేదండి."

"అనకు. నీ కూతురు నా స్కూల్లో ఉంది, దాని సంగతి ఆలోచించు. ఉదయ్‌భాస్కర్ మంచివాడని నాకూ తెలుసమ్మా. ఆరేళ్ళు చూశాను. కానీ పేపర్లో పడింది అతని మొహం. రేపు నేను తిరిగి తీసుకుంటే, నువ్వొచ్చి చెప్పావని ఆ గేటు దగ్గర వాళ్ళందరికీ చెప్పాలి. చెప్పమంటావా?"

శ్యామలాంబ చెప్పమనలేదు, వద్దనలేదు. హెడ్మిస్ట్రెస్ మంచినీళ్ళిస్తే తాగి వచ్చేసింది. నిజం చెబితే బరువు దిగుతుందని ఎక్కడో విన్నది. ఏ బరువూ దిగలేదు. అసలు బరువంటూ తెలియడం లేదు. పన్ను పీకించుకున్న రోజున దవడ ఎలా ఉంటుందో ఆవిడ ఒళ్ళంతా అలా ఉంది. ఉన్నట్టు తెలుస్తోంది, తనదనిపించడం లేదు.

నెల తర్వాత మాస్టారు ఊరు వదిలి వెళ్ళిపోతున్నారని హేమశ్రీ చెప్పింది. శ్యామలాంబ ఇన్నీసుపేట వెళ్ళింది. వాటా ముందు రిక్షాలో ట్రంకుపెట్టె, చాప చుట్ట, గ్యాసు పొయ్యి ఉన్నాయి. ఆయన తల్లి లోపల ఊడుస్తోంది. ఆయన బయటికొచ్చి నమస్కారం పెట్టాడు.

"నరసాపురంలో లేసు కంపెనీవాళ్ళు డిజైన్లు గీయడానికి రమ్మన్నారండి. అక్కడ అంతా కాగితాలతోనే పని."

శ్యామలాంబ గుమ్మంలోనే నిలబడి చెప్పేసింది. చెయ్యి ఎవరిదో, తను ఎలా వదిలిందో, స్టేషన్లో ఎందుకు చెప్పలేదో, స్కూల్లో చెబితే ఏమైందో, అన్నీ. ఆయన మధ్యలో ఒక్క మాట అడ్డు రాలేదు. కోప్పడతాడని చూసింది. కొడతాడేమో, కొట్టినా బాగుండుననుకుంది.

"ఆ రోజు స్టేషన్లో నాకు మంచినీళ్ళిచ్చింది మీరే కదండీ," అన్నాడు ఆయన.

"అవునండి."

"ఎవరూ అడగలేదు దాహమేస్తోందా అని. మీరొక్కరే ఇచ్చారు." రిక్షాలో చాప చుట్ట సర్దుతూ, "హేమశ్రీ చెయ్యి మంచిదండి. బొమ్మలు మాన్పించకండి," అన్నాడు.

రిక్షా కదిలాక ఆవిడ ఇంటికి వచ్చింది. ఆ రోజు ఉతకాల్సిన బట్టలున్నాయి, ఉతికింది.

అలా రెండేళ్ళు దాటాయి. భార్యాభర్తలు దెబ్బలాడుకోలేదు. అవసరమైన మాటలు మాట్లాడుకునేవారు. పాలు, కరెంటు బిల్లు, పిల్ల పరీక్షలు. బుల్లియ్య సినిమా పోస్టర్ల వీధుల్లోకి కూడా వెళ్ళేవాడు కాదు. అది ఆవిడ గమనించింది. గమనించి ఊరుకుంది.

రెండువేల సంవత్సరం ఫిబ్రవరిలో గోదావరి రేవులో షూటింగు పెట్టారు. నటి సుమేధే. రేవు మెట్ల దగ్గర ఆవిడ కుర్చీ పక్కన ఆడమనిషి కావాలంటే ఎస్సైగారు శ్యామలాంబని వేశారు. సుమేధ అప్పటికి కాస్త చిక్కింది. జనం దూరంనుంచి పిలుస్తుంటే కూర్చున్నచోటునుంచే దణ్ణం పెట్టేది. ఎవరైనా దగ్గరికొస్తే కుర్చీ వెనక్కి జరిపేది, తనకి తెలియకుండానే. ఓ పెద్దాయన మనవరాలిని ఎత్తుకొచ్చి ఫొటో అడిగితే, పాపని ఒడిలో కూర్చోబెట్టుకుంది గానీ, పెద్దాయన పక్కన నిలబడబోతే, "మీరు ముందుకి రండి బాబాయిగారూ, నాకు కనపడేలా నిలబడండి," అంది.

మధ్యాహ్నం భోజనాల విరామంలో గొడుగు కింద వాళ్ళిద్దరే మిగిలారు.

"అమ్మా, మీతో ఓ మాట చెప్పాలండి," అంది శ్యామలాంబ. "తొంభై ఏడులో మీరు మా ఊళ్ళో బట్టల షాపుకొచ్చారు. అప్పుడు ఒకాయన్ని కొట్టారు."

సుమేధ ఆలోచించింది. మద్రాసులో పెరిగిన తెలుగు పిల్ల, మాట శుభ్రంగా ఉంది. "రాజమండ్రిలోనా? ఉండచ్చండి. ఆ ఏడు నలుగురినో అయిదుగురినో కొట్టాను. ఏ ఊళ్ళో ఎవర్నో గుర్తులేదు."

"ఆయన కాదండి తప్పు చేసింది. ఆయన మీ బొమ్మ వేసి తెచ్చిన మాస్టారు. ఆ దెబ్బకి ఆయన ఉద్యోగం పోయింది. ఊరొదిలి వెళ్ళిపోయారు."

సుమేధ చేతిలో మజ్జిగ గ్లాసు కింద పెట్టింది. "మీకెలా తెలుసండీ ఆయన కాదని?"

"చేసిన చెయ్యి నేను పట్టుకున్నానండి."

"పట్టుకుంటే మరి?"

"వదిలేశాను. మా ఆయనదండి."

నది మీద పడవవాళ్ళు ఏదో అరుచుకుంటున్నారు. సుమేధ ఆవిడ మొహంలోకి చూసింది. సినిమా మనిషి చూసినట్టు కాదు, బస్సులో పక్కసీటు మనిషి చూసినట్టు చూసింది.

"ఆయన ఇంట్లోనే ఉన్నారా?"

"ఉన్నారండి."

"మీతోనే?"

"అవునండి."

సుమేధ నదివైపు తిరిగింది. తర్వాత మెల్లిగా అంది. "వెనకనుంచి చెయ్యి పడినప్పుడు, తిరిగేసరికి అన్ని మొహాలూ ఒకేలా ఉంటాయండీ. ఎవరో ఒకర్ని కొట్టాలి. కొట్టకపోతే మిగతావాళ్ళు ఊరుకోరు. అప్పుడు నాకు ఇరవై రెండు. ఎవర్ని కొట్టానో చూసుకోవాలని కూడా అనిపించలేదు. వాళ్ళకి నేను మనిషిలా కనపడనప్పుడు, నాకు మాత్రం వాళ్ళు..." అని ఆపేసింది. "ఆయన పేరేంటి?"

"ఉదయ్‌భాస్కరండి."

సుమేధ తన సంచిలోంచి కాగితం తీసి రాయబోయింది. అంతలో భోజనం ముగించుకుని మేనేజరు వచ్చాడు. విషయం విని, "రాసివ్వకండి మేడమ్. రేపు పేపర్లో వేస్తారు. కేసు కూడా వెయ్యచ్చు," అన్నాడు. సుమేధ కలం పట్టుకుని అలాగే ఉండిపోయింది. చివరికి మూత పెట్టేసింది.

"నేను తప్పు చేశానని అన్నానని చెప్పండి. క్షమించమన్నానని చెప్పండి. తప్పకుండా చెప్తారుగా?"

"చెప్తానండి."

షాట్ రెడీ అని పిలిచారు. ఆవిడ వెళ్ళి మెట్ల మీద దీపం పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు నాలుగుసార్లు తీశారు.

ఆదివారం శ్యామలాంబ పాలకొల్లు మీదుగా నరసాపురం బస్సెక్కింది. లేసు కంపెనీ అంటే పెంకుటింటి వసారా. గళ్ళ కాగితాల మీద పువ్వులు గీస్తూ ఉదయ్‌భాస్కర్ కనిపించాడు. అల్లికలు తెచ్చిన ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఆయన వాళ్ళతో మాట్లాడేటప్పుడు కాగితంవైపే చూసి మాట్లాడుతున్నాడు. వాళ్ళు లేచి దూరం జరిగాకే తను లేస్తున్నాడు. కణతల దగ్గర వెంట్రుకలు నెరిశాయి.

ఆవిడ సుమేధ మాటలు ఒక్కటి వదలకుండా అప్పజెప్పింది. మేనేజరు కాగితం ఆపించడం కూడా చెప్పింది.

ఆయన విన్నాడు. "నా పేరు అడిగిందా అండీ?"

"అడిగారండి. నేను చెప్పాను."

"మంచిదండి," అన్నాడు. రబ్బరుతో ఓ గీత తుడిచి, పొడి ఊదాడు. "ఆవిడ తప్పు మాత్రమే కాదులెండి. అంతమందిలో వెనకనుంచి వెళ్ళి నిలబడ్డాను. ఎదురుగా వెళ్ళి, నేను ఫలానా, మీకోసం ఇది తెచ్చాను, ఇవ్వచ్చా అని అడగాలి. రెండు నెలలు ఫొటో చూసి బొమ్మ వేశాను కదా, ఆవిడ నాకు బాగా తెలిసిన మనిషే అనిపించింది. ఆవిడకి నేనెవరో తెలియదనే సంగతే తట్టలేదు."

"మీరు మళ్ళీ బడికి వస్తారాండీ? నేను మళ్ళీ అడుగుతాను. ఈసారి అందరి ముందూ చెప్తాను. హేమ ఇంటర్లోకి వెళ్ళిపోయింది."

"వద్దండి. ఇక్కడ అలవాటైపోయింది."

అమ్మ లోపల పడుకుందని, ఒంట్లో బాగోలేదని చెప్పి, టీ తెప్పించాడు. ఇద్దరూ తాగారు. ఆవిడ నమస్కారం పెట్టి బస్టాండుకి నడిచింది.

ఇంటికొచ్చేసరికి బుల్లియ్య అన్నం వండి ఉంచాడు. ఎక్కడికెళ్ళావని అడిగితే నరసాపురం అంది. అతను గరిటె పక్కన పెట్టాడు.

"మాస్టారు ఎలా ఉన్నారు?"

"బానే ఉన్నారు."

"నేనోసారి వెళ్ళనా?"

"వెళ్ళండి. అడ్రసు రాసిస్తాను."

రాసిచ్చింది. అతను ఆ కాగితం చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మరి వెళ్ళాడో లేదో అతను చెప్పలేదు, ఆవిడ అడగలేదు.

ఆ తర్వాత సినిమావాళ్ళు ఊళ్ళోకి వచ్చినప్పుడల్లా బందోబస్తు ఎలా పెట్టాలని ఎస్సైలు శ్యామలాంబని అడిగేవారు. ఆవిడ మూడు ముక్కల్లో చెప్పేది. వచ్చినవాళ్ళని ఎత్తు మెట్టు మీద, వెనక గోడ ఉండేలా నిలబెట్టండి. జనాన్ని ఎదురుగా ఒక్కొక్కరిగా పంపండి. చేతులు కనపడేలా రమ్మనండి. ఆ పద్ధతి నాలుగైదేళ్ళు బాగానే నడిచింది. వచ్చిన నటులు పేరడిగి సంతకం పెట్టేవారు. కుర్రాళ్ళు సైతం తమ వంతు వచ్చేసరికి నెమ్మదిగా మాట్లాడేవారు. తర్వాత తారలు తమ మనుషుల్నే వెంటబెట్టుకురావడం మొదలెట్టారు. నల్లచొక్కాల వస్తాదులు, దగ్గరికొచ్చినవాణ్ణి వచ్చినట్టు తోసేస్తారు. హోంగార్డులకి ఇక తారల దగ్గర పని లేకపోయింది. వాళ్ళని రెండు వీధుల అవతల ఆటోలు మళ్ళించడానికి వేశారు.

శ్యామలాంబ అక్కడ నిలబడేది. కేకలు వినిపించేవి. ఎవరొచ్చారో ఆవిడకి తెలిసేది కాదు, ఎవర్నీ అడిగేది కాదు. చెయ్యి అడ్డంగా చాపి, ఆటోలవాళ్ళకి పక్క వీధి చూపించేది.